అడుగు కనపడని నీళ్ళు

నరసరావుపేట,
అక్టోబరు 12.

దీపూ,

నా నంబరు బ్లాక్ చేశావు. మీ అన్నయ్య ఫోన్ చేస్తే "బాగానే ఉన్నా" అని పెట్టేస్తున్నావట. అందుకని పోస్టాఫీసుకు వెళ్ళి కవర్లు కొనుక్కొచ్చాను. కౌంటర్లో ఆయన "రిజిస్టరా అమ్మా?" అని అడిగితే మామూలుదే చాలన్నాను. సంతకం పెట్టి తీసుకోవాలంటే నువ్వు తిప్పి పంపుతావని నా అనుమానం.

మోకాలు ఎలా ఉంది? అత్తయ్యను అడిగితే "లేస్తంది, కూచుంటంది, ఆఫీసుకు కూడా పోతంది, మాట్లాడదు" అంది. కన్నతల్లితో కూడా మాట్లాడకపోతే ఎట్లానే?

నిన్ను చూడటానికి ఆస్పత్రికి వచ్చిన రోజు, "నువ్వు లేకుండా పోటీకి నేనెట్లా పోతానే" అని నీ మంచం పక్కన కూర్చుని ఏడ్చాను. కాలు విరిగింది నీకు, ఏడ్చింది నేను. నువ్వు గోడవైపు తిరిగి పడుకున్నావు. నీకు మండి ఉంటుంది.

మనిద్దరం పేర్లిచ్చిన ఆ ట్రయథ్లాన్ పోటీ వాళ్ళ నుంచి మెయిల్ వచ్చింది. నీ పేరు నువ్వే తీయించేసుకున్నావని చూశాను. నా పేరు నేను తీయించలేదు. ఈ మాట నీకు వేరే వాళ్ళు చెప్పకూడదు, నేనే చెప్పాలి, అందుకే ఈ ఉత్తరం. ఫిబ్రవరిలో విశాఖపట్నం వెళ్తున్నాను. దాదాపు రెండు కిలోమీటర్లు సముద్రంలో ఈత, తర్వాత తొంభై సైకిలు, ఆపైన ఇరవై ఒకటి పరుగు.

సుగర్ వచ్చే లక్షణాలున్నాయని డాక్టరు అన్నప్పుడు, రంగుల కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చునే ముప్ఫై ఆరేళ్ళ వదినను చెయ్యి పట్టుకుని కొలనులో దింపింది నువ్వు. మూడేళ్ళయింది. ఇప్పుడు ఆగిపోతే ఆ నీళ్ళలోంచి సగంలో లేచి వచ్చినట్టుంటుంది నాకు.

కోపం ఉంటే కోపంగానే రాయి. రాయడం మాత్రం రాయి.

నాగవల్లి వదిన


విజయపురి సౌత్,
అక్టోబరు 20.

వదినా,

ఉత్తరం అందింది. వెళ్ళు. నన్ను అడగాల్సిన పని లేదు.

మోకాలు బాగానే ఉంది. ఈదేటప్పుడు నీ కుడిచెయ్యి తలకు అడ్డంగా పడుతుంది, అది సరిచేసుకో. ఇంతకంటే చెప్పేదేం లేదు. ఇక రాయకు.

దీపశ్రీ


నరసరావుపేట,
నవంబరు 6.

దీపూ,

నన్ను రాయవద్దన్నావు గానీ, నువ్వు చదవనని మాత్రం అనలేదు. కాబట్టి రాస్తున్నా. కుడిచెయ్యి సరయింది. కొలనులో ఇప్పుడు నా పక్క వరసలో ఈదే పిల్లలు నా చెయ్యి తగులుతుందని తప్పుకోవడం లేదు.

సైకిలే ఇబ్బందిగా ఉంది. కోటప్పకొండ ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు కాళ్ళు లాగినా సరే, ఎక్కుతాను. దిగేటప్పుడే వేళ్ళు బ్రేకుల మీద బిగుసుకుపోతున్నాయి. మాచర్ల నుంచి సాగర్‌కు దిగే మలుపులో, రాళ్ళ లారీ ఒలకబోసుకుపోయిన కంకర మీద నీ సైకిలు పక్కకు జారడం వెనక నుంచి చూసింది నేనే కదా. కొండ దిగే ప్రతిసారీ నా ముందు నువ్వు వెళ్తున్నట్టే ఉంటుంది. సైకిలు కొట్టు అలీ సాహెబ్ బ్రేకు రబ్బర్లు విప్పి చూసి, "ఏందమ్మా, నెలకే అరగ్గొట్టారు! సైకిలు తొక్కుతున్నారా, పట్టుకొని ఆపుతున్నారా?" అన్నాడు.

మీ అన్నయ్య సంగతి విను. మొన్న కొట్టుకొచ్చిన కాంట్రాక్టరు ఒకాయన, "సుధీర్ బాబూ, మీ ఆవిడ పొద్దున్నే సైకిలేసుకొని సత్తెనపల్లి రోడ్డులో పోతంది, చూసుకోవయ్యా" అన్నాడు. మీ అన్నయ్య రంగు కలిపే మిషను ఆపకుండానే, "చూశానన్నా, నా బండికి అందట్లా" అన్నాడు. నాకెంత గర్వంగా అనిపించిందో! ఇంటికొచ్చాక మాత్రం మొహం చిన్నది చేసుకుని, "నిజంగా ఆ సముద్రంలో దిగుతావా వల్లీ?" అని అడిగాడు. దిగుతానన్నాను. మళ్ళీ అన్నం తినేటప్పుడు అడిగాడు.

నీ గురించి ఒక్క ముక్క రాయి. మోకాలు వంగుతోందా? మెట్లు ఎక్కగలుగుతున్నావా?

వదిన


విజయపురి సౌత్,
నవంబరు 17.

వదినా,

నీ ఉత్తరం అమ్మ తీసుకుంది, పైకి చదవమంది. అన్నయ్య మాట దగ్గర పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. ఈ ఇంట్లో నవ్వు వినపడి చాలా రోజులైంది. అందుకోసం జవాబు రాస్తున్నాను, ఇంకేం అనుకోకు.

మెట్లు ఎక్కుతున్నాను, చేతికర్ర సాయంతో. డాక్టరు చెప్పేది చెప్పాడు. దాని గురించి అడగకు.

దిగేటప్పుడు చూపు ముందు చక్రం మీద పెట్టకు. మలుపు చివర చూడు. నేను పడింది నీ తప్పు కాదు, నా తప్పూ కాదు. ఆ కంకర అక్కడుంది, అంతే. ప్రతి కొండ మీదా ఉండదు.

సముద్రంలో దిగావా ఇంకా? కొలనులో ఎంత ఈదినా సముద్రం వేరు. గుంటూరు ఈత క్లబ్బు వాళ్ళు సూర్యలంక తీరానికి వెళ్తుంటారు, వాళ్ళతో వెళ్ళు. ఒంటరిగా వెళ్ళావని తెలిస్తే ఊరుకోను.

దీప


నరసరావుపేట,
డిసెంబరు 9.

దీపూ,

ఇది ఎవరికీ చెప్పలేదు. మీ అన్నయ్యకు అసలే చెప్పలేదు.

ఆదివారం గుంటూరు వాళ్ళతో సూర్యలంక వెళ్ళాను. ముందు బాగానే ఉంది. అలలు దాటేదాకా నవ్వుతూనే ఉన్నాను. తర్వాత తల నీళ్ళలో పెట్టి చూస్తే కింద ఏమీ లేదు. కొలనులో నీలం పలకలు కనపడతాయి, నల్ల గీత కనపడుతుంది, అది పట్టుకుని పోతాను. ఇక్కడ బురద రంగు తప్ప ఏమీ లేదు. నా చేతులే నాకు కనపడలేదు. ఊపిరి తీసుకుందామంటే లోపలికి పోవడం లేదు. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. ఎవరో నన్ను కింద నుంచి చూస్తున్నట్టు అనిపించింది. చిన్నపిల్లలాగా "అమ్మా, అమ్మా" అని అరిచానట. నాకు గుర్తు లేదు. పడవలో ఉన్న కుర్రాళ్ళు చొక్కా పట్టుకుని లాగారు.

ఒడ్డున కూర్చోబెట్టి టీ ఇచ్చారు. అందరూ మంచిగానే మాట్లాడారు, "మొదటిసారి అట్లాగే ఉంటదిలే అక్కా" అన్నారు. ఆ జాలి చూస్తే నువ్వు గుర్తొచ్చావు. నా నంబరు ఎందుకు ఆపేశావో అప్పుడు అర్థమైంది.

ఇంటికొచ్చి మెయిల్ తెరిచాను. పోటీ వాళ్ళకు 'నేను రావడం లేదు' అని రాశాను. పంపలేదు. అట్లాగే ఉంది. పంపమంటావా?

వదిన


విజయపురి సౌత్,
డిసెంబరు 14.

వదినా,

పంపకు.

నీ ఉత్తరం ఆఫీసులో చదివాను. తర్వాత కాలువ గట్టు మీదికి వెళ్ళి నిలబడ్డాను. నువ్వు అరిచావు, నేను అక్కడ లేను. ఆ మాట తిరిగి తిరిగి వస్తోంది.

ఇప్పుడు విను. అడుగు కనపడకపోతే ఏమైంది? కొలనులో అడుగు కనపడుతుంది కదా, దాని మీద నిలబడి ఈదుతున్నావా? నిన్ను మోసేది నీళ్ళు. కొలనులోనూ అవే, సముద్రంలోనూ అవే. ఉప్పు ఉంది కాబట్టి సముద్రం ఇంకా బాగా మోస్తుంది.

ఊపిరి లోపలికి పోకపోవడానికి కారణం, నువ్వు బయటికి వదలకపోవడం. భయం వేస్తే మనిషి ఊపిరి బిగబడతాడు. ఛాతీ అప్పటికే నిండి ఉంటే కొత్తది ఎక్కడికి పోతుంది? తల నీళ్ళలో ఉండగా గట్టిగా బుడగలు వచ్చేలా వదిలెయ్. అయినా కుదరకపోతే వెల్లకిలా తిరుగు. ఆకాశం చూడు. అది తప్పు కాదు, ఓడిపోవడమూ కాదు. కాసేపు అట్లాగే తేలి, మళ్ళీ బోర్లా తిరుగు. పడవ పట్టుకున్నా పోటీలోంచి తీసెయ్యరు, దాన్ని పట్టుకుని ముందుకు లాగించుకోకూడదు, అంతే.

కొత్త సంవత్సరం మొదటి ఆదివారం ఇక్కడికి రా. చేపలు పట్టే అతను, కొండలు, తెలుసు కదా, అతని గుండ్రటి పడవలో, పుట్టిలో, నేను కూర్చుంటాను. నువ్వు పక్కన ఈదు. సాగర్ నీళ్ళలో కూడా అడుగు కనపడదు. అందుకే రమ్మంటున్నాను. అనుమతుల సంగతి మా ప్రాజెక్టు ఆఫీసులో నేను చూసుకుంటాను.

నీ నంబరు తెరిచాను. కానీ ఫోన్ చెయ్యకు. ఫోన్లో నా గొంతు నా మాట వినదు.

దీప


నరసరావుపేట,
జనవరి 7.

దీపూ,

ఒళ్ళంతా నొప్పులు. అయినా రాయాలి, నీ ఎదురుగా నోటికి రాని మాటలున్నాయి.

పుట్టి కదిలినప్పుడు కొండలు, "అమ్మా, ఇట్లా ఈదితే ఏమిస్తారు?" అని అడగడం గుర్తుందా? ఏమీ ఇవ్వరు, మనమే కట్టాలి అంటే, "కట్టి మరీ మునగడమా! పట్నపోళ్ళకు చానా ఓపిక" అన్నాడు. నువ్వు నవ్వావు. సెప్టెంబరులో నువ్వు పడ్డాక నీ నవ్వు వినడం అదే మొదలు. నాకు నీళ్ళలో సగం భయం అక్కడే పోయింది.

మిగతా సగం నడిమధ్యలో వచ్చింది. నువ్వు చూశావు. "వదినా, కిందకు చూడబాక, ఊపిరి వదులు, వదులు!" అని అరిచావు. వదిలాను. వెల్లకిలా తిరిగాను. పైన గద్ద ఒకటి తిరుగుతోంది. దాన్నే చూస్తూ ఉన్నాను. కాసేపటికి నీళ్ళు నా చెవుల చుట్టూ చిన్నగా చప్పుడు చేస్తున్నాయని వినపడింది. అప్పటిదాకా నా గుండె చప్పుడు తప్ప ఏమీ వినలేదు. నీళ్ళలో భయం కాకుండా ఇంకొకటి కూడా ఉందని నలభై ఏళ్ళకు దగ్గరపడ్డాక తెలిసింది.

ఒడ్డుకు వచ్చాక నా మీద తువ్వాలు కప్పుతూ, "నేనింక పరిగెత్తలేనంట వదినా" అన్నావు. ఆ మాట ఎంత నెమ్మదిగా అన్నావంటే, కొండలు కూడా వల సర్దుకుంటున్నట్టు అటు తిరిగిపోయాడు. నేను తువ్వాలు దగ్గరికి లాక్కుని "ఆకలేస్తందే" అన్నాను. బస్సులో మాచర్ల దాటేదాకా నన్ను నేను తిట్టుకున్నాను.

ఆకలి కాదే నాకు. ఆస్పత్రిలో లాగా మళ్ళీ ఏడిస్తే నువ్వు మళ్ళీ గోడవైపు తిరుగుతావేమోనని భయం.

డాక్టరు సరిగ్గా ఏమన్నాడు? మాటకు మాట రాయి. ఇంకొకరికి చూపిద్దాం.

వదిన


విజయపురి సౌత్,
జనవరి 19.

వదినా,

మోకాలి సంగతి నీ పోటీ అయ్యాక. ఇప్పుడు కాదు.

ఇక బరువైన సాధన తగ్గించు. ఈ చివరి రోజుల్లో కాళ్ళు తేలికగా ఉండి, ఇంకా చెయ్యాలనిపిస్తుంది. చెయ్యకు. ప్రతి చిన్న నొప్పీ పెద్ద రోగంలా కనపడుతుంది, పట్టించుకోకు. కొత్త బూట్లు, కొత్త తిండి, ఎవరో చెప్పిన కొత్త పొడులు, ఏవీ వద్దు. ఇన్నాళ్ళూ ఏం తిని తొక్కావో అదే తిను.

అన్నయ్య ఫోన్ చేశాడు, నన్ను కూడా విశాఖపట్నం రమ్మని. కారు మాట్లాడతానన్నాడు. నేను రాను. కుంటి సాకు చెప్పవచ్చు, కర్ర ఉంది, ఎవరూ కాదనరు. నీకు మాత్రం నిజం చెప్తాను. నువ్వు పూర్తి చెయ్యాలని ఉంది, నేను చూడాలని లేదు. రెండూ నిజమే. ఆ బట్టల్లో, ఆ గీత దగ్గర, నీ పక్కన నేను ఉండాలి కదా. కుర్చీలో కూర్చుని చప్పట్లు కొట్టేంత మంచిదాన్ని కాను.

ఇంకొకటి. నా కోసం చేస్తున్నానని ఎవరితోనూ అనకు. నాతో కూడా. ఆ బరువు నా మీద పెట్టకు. నీ కోసం ఈదు.

దీప


విశాఖపట్నం,
ఫిబ్రవరి, పోటీ ముందు రోజు సాయంత్రం.

దీపూ,

రానన్నందుకు నాకు కోపం లేదు. నువ్వు నిజం రాశావు, అది చాలు. కానీ ఇక్కడ ప్రతిదానికీ పక్కకు తిరిగి నీకు చెప్పబోతున్నాను, పక్కన మీ అన్నయ్య ఉంటున్నాడు.

సైకిలు అప్పగించాను. వందల సైకిళ్ళు వరసగా వేలాడుతున్నాయి, ఒక్కొక్కటి విమానంలాగా ఉంది. నాదాన్ని చూసి నాకే జాలేసింది. పరుగు బట్టల సంచి కట్టి, విప్పి, మళ్ళీ కట్టాను. మేజోళ్ళు పెట్టానో లేదోనని మళ్ళీ విప్పితే అక్కడి అమ్మాయి "ఇక చాలండీ మేడం, అన్నీ ఉన్నాయి" అంది. మీ అన్నయ్య మధ్యాహ్నం నుంచి నాకు అరటిపళ్ళు పెడుతున్నాడు. భయం ఆయనది, తినేది నేను.

సాయంత్రం ఇద్దరం ఒడ్డుకు వెళ్ళాం. రేపు చుట్టి రావాల్సిన పెద్ద పసుపు గాలిబుడగలు నీళ్ళ మీద కట్టారు. మొదటిది కనపడింది. రెండోది ఎక్కడుందో ఆయనే వేలితో చూపించాడు, అంత దూరం. అప్పుడు ఆయన, "వద్దనిపిస్తే చెప్పు, ఇప్పుడే బండెక్కి పోదాం. ఎవురూ ఏమనరు" అన్నాడు. ఆ మాట వినగానే ఏడుపు వచ్చింది. వెళ్ళిపోవచ్చు అని ఒకరు చెప్పాకే, వెళ్ళాలని లేదని నాకు తెలిసింది.

నిద్ర పట్టదని తెలుసు. సూర్యలంకలో లాగా అరిస్తే? గడువు దాటిపోతే? ఇంతమంది ముందు లాగేస్తే? ఏదైనా కానీ. రేపు నీళ్ళలోకి నడుస్తాను. అంతవరకు నాకు ఖాయంగా తెలుసు.

వదిన


నరసరావుపేట,
ఫిబ్రవరి 20.

దీపూ,

ఫోన్లో మెసేజ్ పెట్టావు, "చూశాను" అని. అంతే పెట్టావు. నేను మొత్తం రాస్తాను.

పొద్దున సముద్రంలో అలలు పెద్దగా లేవు. గుంపులు గుంపులుగా వదిలారు. నేను వెనక నిలబడ్డాను. మొదటి బుడగ దాకా చేతులు వాటంతటవే పనిచేశాయి. అది దాటాక ఎవరిదో కాలు మొహానికి తగిలింది, ఈత అద్దాలు జారాయి, నోట్లోకి ఉప్పునీళ్ళు పోయాయి. మళ్ళీ అదే. కింద ఏమీ లేదు, గుండె చెవుల్లో. వెల్లకిలా తిరిగాను. ఊపిరి వదిలాను. అద్దాలు సర్దుకున్నాను. ఆ రోజు నువ్వు పుట్టిలోంచి అరిచినట్టు ఎవరూ అరవలేదు. నేనే నాకు చెప్పుకున్నాను.

అప్పుడు పక్కన ఏడుపు వినపడింది. ఒకావిడ, నా వయసే ఉంటుంది, కాపలా పడవ అంచు పట్టుకుని వేలాడుతోంది. పడవ అబ్బాయి "ఎక్కుతారా మేడం?" అని అడుగుతున్నాడు. ఆవిడ తల ఊపుతోంది, అవునో కాదో తెలియడం లేదు. నేను ఆగాను. పేరడిగాను. యశోద, విజయవాడ అంది.

"నా వల్ల కాదండీ, కింద ఏం కనపడట్లా" అంది.

"నాకూ కనపడట్లేదు. గట్టిగా ఊదండి, దీపం ఆర్పినట్టు," అన్నాను.

ఊదింది. మళ్ళీ ఊదమన్నాను. చెయ్యి వదిలింది. కాసేపు ఇద్దరం వెల్లకిలా తేలాం, పిచ్చివాళ్ళలాగా. తర్వాత "నేను మీ కుడిపక్క ఉంటా, తల తిప్పినప్పుడల్లా కనపడతా" అని చెప్పి కదిలాను. ఒడ్డు దాకా అట్లాగే వచ్చాం. ఈత గడువు ముగుస్తుండగా ఇసుక కాళ్ళకు తగిలింది. యశోద అక్కడే కూర్చుండిపోయింది, ఇక సైకిలు ఎక్కలేనంది. నా చేతులు పట్టుకుని, "సముద్రం దాటానండీ, నాకు చాలు" అంది. నేను సైకిలు దగ్గరికి పరిగెత్తాను.

సైకిలు మీద ఎదురుగాలి, కానీ దిగుళ్ళలో బ్రేకుల మీద వేళ్ళు బిగుసుకోలేదు. మలుపు చివర చూశాను. పరుగులో మాత్రం కడుపు పట్టేసింది. మీ అన్నయ్య అరటిపళ్ళ పుణ్యం కావచ్చు, ఆయనకు చెప్పకు. సగం దూరం నడిచాను. ఎండ నెత్తి మీద ఉంది. చివర్లో ఒక అధికారి మోటారు సైకిలు మీద వచ్చి, "గడువుకు చేరుకోవడం కష్టం మేడం, వ్యాను ఎక్కుతారా?" అని అడిగాడు. గడువు అయిందా అన్నాను. ఇంకా కాలేదన్నాడు. అయితే ఎక్కనన్నాను.

ఆఖరి మలుపులో మీ అన్నయ్య ఉన్నాడు. నీడలో కూర్చుంటానన్న మనిషి కంచె అవతల, చెప్పులు చేత్తో పట్టుకుని, నాతో పాటు పరిగెత్తుతున్నాడు. "రాయే, వల్లీ, రా, ఇంకాస్తే!" అని ఊరంతా వినేలా అరుస్తున్నాడు. ఆయన పొట్ట ఊగుతోంది, ఏడుస్తున్నాడు. నాకు నవ్వొచ్చి, ఆ నవ్వుతోనే గీత దాటాను. నా వెనక ఇద్దరే వచ్చారు. తర్వాత గడియారం ఆపేశారు.

నీ కోసం చెయ్యలేదు. నువ్వు చెప్పినట్టే. కానీ నీళ్ళలో యశోదకు చెప్పిన ప్రతి మాటా నీది.

ఇప్పుడు పోటీ అయింది. మోకాలి సంగతి రాస్తానన్నావు.

వదిన


విజయపురి సౌత్,
మార్చి 2.

వదినా,

రాస్తానన్నాను కాబట్టి రాస్తున్నాను. ఇన్ని రోజులు పట్టింది, క్షమించు.

ఆ రోజు పొద్దున నుంచి ఫోన్లో, పోటీ వాళ్ళు పెట్టిన మ్యాపు మీద కదిలే నీ చుక్క చూస్తూ కూర్చున్నాను. మొదటి బుడగ దాటాక అది కదలకుండా ఆగిపోయింది. వదినా, ఒక్క క్షణం నాకు, ఆగిపోతే బాగుండు, అనిపించింది. ఇద్దరం ఒకచోటే ఉంటాం కదా అని. తర్వాతి క్షణంలో "అమ్మా!" అని ఎంత గట్టిగా కేక పెట్టానంటే, పక్క క్వార్టర్స్ వాళ్ళు పరిగెత్తుకొచ్చారు. చుక్క కదిలేదాకా అమ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. నువ్వు అక్కడ ఎవరినో ఓదారుస్తున్నావని నాకేం తెలుసు! నీ ఉత్తరం వచ్చాక, నాకు వచ్చిన ఆలోచన నీకు చెప్పకుండా ఉండలేకపోయాను. కోప్పడతావో, ఏం చేస్తావో నీ ఇష్టం.

డాక్టరు అన్నది మాటకు మాట ఇది: "ఎముక అతుక్కుంది. లోపల లిగమెంటు తెగింది. ఇంకో ఆపరేషన్ చేస్తే కాలు గట్టిపడుతుంది, పరుగు కూడా రావచ్చు, మాట ఇవ్వలేను. చేయించుకోకపోతే పరుగు రాదు." నేను నీకు చివరి ముక్క ఒక్కటే చెప్పాను. అమ్మకు అదీ చెప్పలేదు.

మొదటి ఆపరేషన్‌లో నడుము కింద మొద్దుబారింది గానీ, నాకు మెలకువగానే ఉంది. తెర అవతల నా ఎముకను డ్రిల్లు చేస్తున్న చప్పుడు వింటూ పడుకున్నాను. నొప్పి లేదు. చప్పుడు మాత్రం ఉంది. అప్పటి నుంచి ఆఫీసు పక్కన వెల్డింగ్ మొదలైతే బయటికి వెళ్ళిపోతున్నాను. ఆ బల్ల మీద మళ్ళీ పడుకోవడం కంటే జీవితాంతం కుంటడమే నయమనుకున్నాను. భయమని చెప్పుకోవడం చేతకాక, అందరి మీదా కోపం తెచ్చుకున్నాను. నదిలో ఈదే దీపశ్రీకి భయమేంటి అంటారని.

మొన్న గుంటూరు వెళ్ళి డాక్టరుకు ఈ చప్పుడు సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. ఈసారి పూర్తిగా నిద్రపుచ్చి చేస్తామన్నాడు. ఇంత చిన్న మాట అడగడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

వచ్చే నెల రెండో గురువారం ఆపరేషన్. అమ్మకు చెప్పాను. అన్నయ్యకు నువ్వు చెప్పు, కంగారుపడకుండా చూడు. సంతకం పెట్టేశాను గానీ, ఆ రోజు దగ్గరపడే కొద్దీ పారిపోవాలనిపిస్తోంది.

వదినా, నాకు భయంగా ఉంది. బుధవారమే వచ్చెయ్. లోపలికి తీసుకెళ్ళేదాకా నా కుడిపక్కన ఉండు.

నీ దీపు